ఓరచూపు

"ఇగ చాలు పోశం! పదకొండేండ్ల సంది చూస్తున్న. ఆడ ఏం లేదు. రేపే దీన్ని చర్చి మిషనోల్లకు వాపస్ ఇచ్చేస్త," అంటూ సామ్యూల్ సారు దుర్భిణి మర విప్పబోయాడు.

ఈస్టరు వెళ్లిన మరుసటి ఆదివారం. మంచిర్యాలలో ఆయన ఇంటి వాకిలి. దక్షిణాన గోదావరి మీద ఆకాశం నిండా చుక్కలు. గనిలో బొగ్గు కొట్టే పోశం పక్కింటివాడే. వెలుగుండగానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"గంతగనం ఏమున్నది సారూ ఆడ?"

"ముసలిదైన నక్షత్రం. సచ్చేముందు ఊపిరి ఇడిచిందట. గా ఊపిరే పొగ ఉంగరం లెక్క మెరుస్తదట. నాకు డెబ్బై నిండినయ్. మళ్ల ఎండకాలం దాకా ఉంటనో లేదో."

ఆయన మళ్లీ మర మీద చెయ్యి వేశాడు.

పోశం లేచి, చేత్తో తడుముకుంటూ వచ్చి దుర్భిణికి కన్ను ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఉన్నది సారూ."

"నిజంగనా?"

"ఉన్నది. మీరు సూటిగ చూస్తుండ్రు, గందుకే దొరుకుతలే. గనిల మా దీపం ఆరిపోతే, దూరపు దీపం వెలుగుల మేం దేన్నీ సూటిగ చూడం. జర పక్కకు చూస్తే కంటి కొసకు అన్నీ తగుల్తయ్. మీరు గూడ ఓరగ చూడుండ్రి."

సారు వంగాడు. అంతా నలుపు. మెల్లగా చూపు పక్కకు జరిపాడు.

నలుపులోంచి ఒక గుండ్రం తేలింది. అద్దం మీద ఊదిన ఆవిరంత పల్చన. సూటిగా చూస్తే మాయం, ఓరగా చూస్తే మళ్లీ అక్కడే. నడుమ నిప్పురవ్వంత చుక్క. మంచిర్యాల అనే ఊరే లేనప్పుడు బయలుదేరిన వెలుగు, ఇంత దూరం నడిచి ఈ ముసలి కంట్లోకి వచ్చింది.

"ఉన్నది! ప్రభువా, ఉన్నది! ప్రేమా, జల్ది రా!"

భార్య ప్రేమమ్మ వచ్చి ఓరగా చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఉంగరమే!" అంది.

సారు కళ్లు తుడుచుకున్నాడు. "రా పోశం, మళ్లొకపారి చూడు. అందరికన్న ముందు చూసినోనివి."

పోశం కదల్లేదు. గొంతు తగ్గించాడు.

"గనిల ఎవలకు చెప్పకుండ్రి సారూ. రెండేండ్ల సంది నాకు రేచీకటి. పొద్దుగూకితే నా చెయ్యే నాకు కనవడదు."