షట్టర్ కింద జాంబీ

కాంతారావుకు ఎన్నో ఏళ్లుగా ఒక సందేహం.

జాంబీ సినిమా ఏది చూసినా తలుపు దగ్గర ఒకడుంటాడు. తను లోపలికి దూరగానే, వెనక వచ్చేవాళ్ల ముఖం మీద తలుపేస్తాడు. ఏ జాంబీ కరవకముందే అలా తయారైనవాణ్ణి భగవంతుడు ఎవరిలో కలుపుతాడు? మనుషుల్లోనా, పిశాచాల్లోనా?

ఇప్పుడు అలాంటి సినిమాకే ఆయన చీఫ్ మేకప్‌మాన్. చెన్నై పక్కన అంబత్తూరులో, మూతబడిన ఫ్యాక్టరీలో షూటింగ్. హీరో హీరోయిన్లకు ఆయన స్వయంగా వేస్తాడు. నలభై మంది జాంబీలకు అసిస్టెంట్లు రంగూ నెత్తురూ పూస్తారు. ఆయన దూరం నుంచే చూసి తలూపుతాడు.

ఆ పొద్దున షాట్: జనం పరుగెత్తుకొచ్చి గోడౌన్‌లో దూరతారు. వెనక జాంబీలు. షట్టర్ దిగుతుంది.

టేకులో షట్టర్ గొలుసు నిజంగానే తెగింది.

దాని కింద ఇంకా నలుగురు ఆడవాళ్లున్నారు. ముందే లోపలికి చేరినవాళ్లు ఒక్క గెంతున వెనక్కి పోయారు.

ఒక జాంబీ ముందుకు దూకి తలా భుజం అడ్డం పెట్టాడు. నలుగురూ వంగి బయటపడ్డారు.

"కట్. ఎవడయ్యా ఆ జాంబీ?" అసిస్టెంట్ డైరెక్టర్ హేమంత్ మైకందుకున్నాడు. "నువ్వు వాళ్లను కొరకాలి బాబూ. కాపాడతావేంటి?"

అందరూ నవ్వారు. గొలుసు తెగిందని తెలిసినవాళ్లూ నవ్వారు.

కాంతారావు దగ్గరికెళ్లి చూశాడు. ఆ మనిషికి నుదుటి నుంచి మెడ దాకా ఎరుపు కారుతోంది.

"నీకు నెత్తురు నోటి దగ్గరే కదా పెట్టింది. తల మీద ఎవరు పోశారు? ముందు షాటుతో కంటిన్యూటీ ఏం కావాలి?"

"ఎవురూ పొయ్యలా సార్. అదే వస్తా ఉండాది."

"హాస్యాలాడకు."

"సార్ బాగుండారా? ఇంట్లో అందురూ బాగుండారా?"

కాంతారావు గోడ వైపు చెయ్యి చూపించాడు. "కుర్చీకి రంగంటుతుంది. పోయి ఆ గోడ పక్కన నేల మీద పడుకో."

"కొంచం తన్నీ దొరుకునా సార్?"

"నీళ్లు తాగితే పెదాల రంగు పోతుంది. భోజనాలప్పుడు తాగుదువులే."

భోజనాలకు బ్రేక్ చెప్పారు. ముప్పై తొమ్మిది మంది జాంబీలు లేచారు.

"వీడికి యాక్టింగ్ తలకెక్కింది," అన్నాడు హేమంత్.

షట్టర్ కింద నుంచి బయటపడినవాళ్లలో మంగ ఒకతె. నీళ్ల సీసా పట్టుకుని అతని దగ్గరికి వెళ్లింది. వంగి చూసి, ముక్కు దగ్గర వేలు పెట్టి, అక్కడే కూలబడింది.

"సార్, మీరు పూసే నెత్తురు గడ్డ కడతాదా?"

ప్రొడక్షన్ మేనేజర్ అంబులెన్సుకు ఫోన్ చేసి, "ఈ మొహంతో ఎలా పంపుతాం? ఎవరైనా తుడవండి," అన్నాడు. అసిస్టెంట్లు తలో దిక్కు చూశారు.

కాంతారావు కొబ్బరినూనెలో దూది ముంచి నేల మీద కూర్చున్నాడు.

రంగు పొరపొరగా దిగింది. ఎడమ కనుబొమ్మను చీల్చిన పాత గాటు బయటపడింది. ఆయన చేయి ఆగిపోయింది. ఒకప్పుడు ఆ గాటును కప్పడానికి గంటసేపు తంటాలు పడ్డాడు.

నాగప్పన్.

ముప్పై ఏళ్ల కిందట, మేకప్‌మాన్ల యూనియన్ కార్డు పరీక్షకు మోడల్‌గా కూర్చునే దిక్కులేక తను ఏడుస్తుంటే "నా మొగం తీసుకో సార్" అని పొద్దంతా కదలకుండా కూర్చున్నవాడు. కార్డు చేతికి రాగానే కాంతారావు మొక్కు తీర్చుకోవడానికి గుడికి పరుగెత్తితే, పరీక్షకు వేసిన ముసలిరాజు వేషంతోనే బస్సెక్కి ఇంటికి పోయినవాడు.

చెవుల వెనక దాకా, గడ్డం కింద దాకా, ఆనాడు తుడవని ఆ ముఖాన్ని కాంతారావు ఇవాళ శుభ్రంగా తుడిచాడు.