పెద్దోడు కొండెక్కాడు

ఆ పొద్దున ఆకాశం మసిగుడ్డలా వేలాడుతోంది. అన్నయ్యా నేనూ అమ్మ గది గొళ్లెం తీశాం. అమ్మ పోయాక అక్కడ ఎవరూ పడుకోవడం లేదు.

పిట్టల కూతలు పట్టే పని మాది. అడవికి ఏ రికార్డర్ తీసుకెళ్లాలో తేల్చడానికి, రెండింటికీ నిండా చార్జింగ్ పెట్టి రాత్రి ఆ గదిలో ఆన్ చేసి ఉంచాం.

"పెద్దది పెద్దోడు, చిన్నది చిన్నోడు," అన్నాను. అమ్మ మమ్మల్ని అలాగే పిలిచేది.

"అయితే గెలుపు నాదేరా. నాకు గుండెలోనూ బ్యాటరీ ఉంది," అన్నాడు అన్నయ్య, చొక్కా జేబు కింద పేస్‌మేకర్‌ని తట్టుకుంటూ. వదిన నవ్వలేదు.

ఇప్పుడు చూస్తే పెద్దది ఆగిపోయి ఉంది. చిన్నది ఇంకా నడుస్తోంది. పెద్దది ఎంతసేపు నిలిచిందో తెలుస్తుందని చిన్నదాంట్లో విన్నాం. చాలాసేపు ఉత్త నిశ్శబ్దం. తర్వాత పెద్దది టిక్కుమని ఆగిన చప్పుడు. ఆ వెనకే అమ్మ గొంతు.

"పెద్దోడు కొండెక్కాడు."

దీపం ఆరిందని అమ్మ ఏనాడూ అనలేదు. కొండెక్కిందనే అనేది.

"మిషన్ గురించేలేరా," అన్నాడు అన్నయ్య.

వదిన కంచాలు పెట్టింది. ముగ్గురం తిన్నాం. అన్నయ్య ఎడంచెయ్యి మాత్రం చొక్కా జేబు మీదే ఉంది.