ఎవరూ లేని ఇల్లు

ప్రభుత్వం మా గోడకు బిగించిన పెట్టె ఇంట్లో మాటలు వింటుంది, వచ్చేపోయేవాళ్లను చూస్తుంది. మా పాప కెజియా పీల్చే ఆక్సిజన్ కూడా దాన్నుంచే వస్తుంది. ఏ దిక్కూ లేని ఇళ్లకే సాయమని ఈమధ్యే చట్టం మార్చారు. ఆ సంగతి మా చర్చి సంఘంలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఓదార్చడానికి వస్తారని నా భయం.

అయినా ఆ ఉదయం దీవెనమ్మ వదిన వచ్చింది. మా సంఘంలో ఆడవాళ్లు వండేముందు పిడికెడు బియ్యం దేవుడి పేర తీసిపెడతారు. అలా పోగైన బియ్యం సంచి ఆమె చంకలో ఉంది.

"ఏమే, ఆరాధనకు రావడం మానేశావు? పాస్టరమ్మ నీ పేరెత్తి ప్రార్థన చేయించింది, పొలమారలేదూ?" అంది నవ్వుతూ.

పెట్టె మెత్తగా అడిగింది. "అమ్మా, ఈమె మీకేమవుతారు? ఆదుకునేవారుంటే ఆక్సిజన్ వేరే ఇంటికి ఇస్తాం."

"ఏమీ కాదండీ. ఈవిడెవరో నాకు తెలీదు" అన్నాను.

వదిన ముఖం పాలిపోయింది. లోపల మంచం మీదున్న పిల్లను చూసింది.

"అవునండీ, ఇల్లు తప్పొచ్చాను" అని పెట్టెకు చెప్పి, సంచితోనే మెట్లు దిగింది.

"ఇద్దరూ ఒకే మాట చెప్పారు కాబట్టి మీకెవరూ లేరని రాసుకున్నాం. ధైర్యంగా ఉండండి, మేమున్నాం" అంది పెట్టె.

రేపు నేను పడిపోతే పిల్లకు గుక్కెడు నీళ్లిచ్చేదెవరు? గట్టిగా ఏడవడానికీ భయమేసింది. వినబడితే వదిన వెనక్కి వస్తుంది.