తాబేలు మెడ

ఆ అడవిలో నాలుగేళ్లకోసారి జంతువులన్నీ కలిసి ఒక పెద్దను ఎన్నుకునేవి. ఈసారి గద్దె పులిది. దిగిపోయే రోజు దగ్గరపడేసరికి దానికో కోరిక పుట్టింది. ఇంతవరకు ఏలినవాళ్లందరిలోకీ తానే గొప్పని అనిపించుకోవాలి! అందరి ఏలుబడీ చూసింది ముసలి తాబేలు ఒక్కటే. దాన్ని సభకు పిలిపించింది.

"చెప్పు తాతా! ఇదివరకు ఏలిన ఏనుగు గొప్పా, దుప్పి గొప్పా, మా దొర గొప్పా?" అని నక్క అడిగింది.

"ఏనుగు మడుగు తవ్వింది. తవ్వుతూ చీమల పుట్టలన్నీ తొక్కేసింది. దుప్పి ఉత్త మెతకది, ఒక్క గుంటా తవ్వలేదు. ఇద్దరినీ మొహం మీదే తిట్టాను. తిట్టి, మడుగులో నీళ్లు తాగి, నింపాదిగా ఇంటికి పోయాను."

"మరి నా సంగతి?" అని పులి గర్జించింది.

సభలో తలలన్నీ వంగిపోయాయి. అలవాటు కొద్దీ తాబేలు మెడ కూడా సగం డిప్పలోకి జారింది. అంతలోనే దానికి తన మీద తనకే రోషం పుట్టుకొచ్చింది. మెడ మొత్తం బయటికి సాచింది.

"నీ హయాంలో ఈ మెడకి ఎండ తగలడం ఇదే మొదలు, పులీ! నీ గొప్పెంతో ఇక నువ్వే తేల్చుకో."