మూడో జత

“బ్రష్‌లెన్ని?” అంది మృదుల.

“రెండే. నీది నీ జేబులోనే ఉంది కదే,” అంది తేజశ్రీ.

“కంచాలు?”

“రెండే పైన పెట్టా. నీ దిండు సూట్‌కేస్‌లో కుక్కేశాం. ఇక దూరు తల్లీ, ఆంటీ కారు పార్క్ చేస్తోంది,” అంటూ విద్య ఫర్నేస్ గది తలుపు తీసింది.

గది అనడానికి అదేమంత గది కాదు. కెనడాలో హాలిఫాక్స్‌లోని ఆ నేలకింది బేస్‌మెంట్‌ను వెచ్చబెట్టే యంత్రం, దాని పక్కన ఒక మనిషి ముడుచుకుంటే పట్టే చోటు. మృదుల లోపలికి వంగబోయి ఆగింది. వాకిలి దగ్గర మ్యాట్ మీద మూడు జతల బూట్లున్నాయి. పరుగున వెళ్లి తన జత ఎత్తుకొచ్చింది.

“గూఢచారి సినిమాల్లో దొరికిపోయేది ఇలాంటివాటి దగ్గరే,” అంది.

“సినిమాలు చూసి చెడిపోయినవాళ్లను చూశాను. బాగుపడ్డదానివి నువ్వొక్కదానివే,” అంది విద్య. “ఆవిడ వెళ్లాక తలుపు తడతాం. అప్పటిదాకా దగ్గు కూడా రాకూడదు.”

ఆ ఆంటీ లక్ష్మీకాంతం గారు. ఇల్లు ఆవిడదే. ఇద్దరికే అని లీజు రాసిచ్చింది. మూడో మనిషి కనబడితే ముగ్గురూ సామాను సర్దుకోవాల్సిందేనని ఫోన్‌లో ముందే చెప్పింది. అంతకుముందు మృదుల ఉన్న ఇల్లు అమ్ముడుపోయి మూడు వారాలైంది, అప్పటినుంచి వీళ్ల దగ్గరే ఉంటోంది. ఈ జనవరి చలిలో ఎక్కడ గది ఖాళీ అని విన్నా, తను వెళ్లేసరికి పదిమంది నిలబడి ఉంటున్నారు.

తడి బూట్లు ఒళ్లో పెట్టుకుని చీకట్లో కూర్చుంది. తలుపు సందులోంచి వంటగది గోడ మాత్రం కనబడుతోంది.

“బూట్లు ఉంచుకోండి ఆంటీ, నేల చల్లగా ఉంది.” తేజశ్రీ గొంతు.

“ఇంట్లోకి బూట్లతోనా? ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లయినా ఆ అలవాటు రాలేదమ్మా.”

ఆ తర్వాత ఆవిడ అడుగుల చప్పుడే లేదు. మేజోళ్లతో తిరుగుతున్నట్టుంది. ఎక్కడ ఉందో గొంతును బట్టి పోల్చుకోవాల్సి వస్తోంది.

“ఇద్దరికి ఇంత పెద్ద కుక్కరా?”

“రెండు పూటలకీ ఒకేసారి పడేస్తాం ఆంటీ.”

“మంచిదే. మరి మూడు టీ గ్లాసులు కడిగి బోర్లించారేం?”

మృదుల నాలుక కరుచుకుంది. గ్లాసుల సంగతి ఎవరికీ తట్టలేదు.

“నేను రెండుసార్లు తాగానాంటీ,” అంది విద్య.

లక్ష్మీకాంతం గారు నవ్వినట్టే వినిపించింది. అంతలో ఫర్నేస్ గుర్రుమంటూ మొదలైంది. మాటలన్నీ ఆ మోతలో మునిగిపోయాయి.

మెడ మీద చెమట కారుతోంది. ఊళ్లో బడి నుంచి వచ్చి పక్కింటి టీవీ ముందు కూర్చుని చూసిన సినిమాలు గుర్తొచ్చాయి. గూఢచారి దాక్కుంటే వాడి వెనక ఒక దేశం ఉంటుంది. దొరికినా విడిపించేందుకు ఎవరో వస్తారు. ఇంకో రకం సినిమాల్లో, మంచుకొండల్లో చిక్కుకున్నవాడికి ఎవరూ రారు. వాడి దగ్గర ఉండేది ఒక అగ్గిపెట్టె, ఇంకో పూట బతకాలన్న మొండితనం. పొద్దుటి నుంచి తను మొదటి రకం సినిమాలో ఉన్నాననుకుంది. జేబులో బ్రష్‌తో, ఒళ్లో బూట్లతో కూర్చున్నాక తెలిసింది, తనది రెండోది.

అలాంటి సినిమాల్లో తనను ఎప్పుడూ ఏడిపించింది మంచూ కాదు, ఆకలీ కాదు. నెత్తిమీదకొచ్చిన హెలికాప్టర్ వాణ్ని చూడకుండా వెళ్లిపోవడం. ఇప్పుడు తను మొక్కుకుంటున్నది సరిగ్గా అదే. వచ్చినావిడ చూడకుండా వెళ్లిపోవాలి.

ఫర్నేస్ ఆగింది. ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. పైన, కిటికీ అవతల కారు కీ నొక్కిన కూత. డిక్కీ తెరుచుకున్న చప్పుడు. తేజశ్రీ, విద్య నవ్వులు.

సాగనంపుతున్నారన్నమాట. మనవాళ్లు గుమ్మంలో వెళ్లొస్తానంటే ఊరుకోరు. కారు దాకా వెళ్లి, డోర్ పట్టుకుని ఇంకో పావుగంట మాట్లాడితేగానీ వదలరు. తలుపు తట్టే ఉంటారు, ఈ మోతలో తనకే వినబడి ఉండదు.

అయినా తొందరపడలేదు. తొందరపడి బయటికొచ్చినవాళ్లే దొరికిపోతారు. వంద దాకా లెక్కపెట్టి, తిమ్మిరెక్కిన కాళ్లతో మెల్లగా బయటికొచ్చింది. హాల్లో ఎవరూ లేరు. వంటగదిలో ఎవరూ లేరు. పడకగది తలుపు ఓరగా వేసి ఉంది. ఊపిరి గుండెల నిండా పీల్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నెత్తిమీది కప్పు ఇంకొన్నాళ్లు నిలిచింది.

చేతిలో పట్టుకొచ్చిన బూట్లను వాటి చోట పెడదామని వాకిలి దగ్గరికెళ్లి వంగింది.

తేజశ్రీ, విద్య బూట్లు లేవు. మ్యాట్ మీద ఒకే ఒక్క జత ఉంది, లక్ష్మీకాంతం గారిది.