ఖాళీ అయిన నంబరు

“పెన్ను లేకపోతే దేంతోనైనా రాయి. నాలుగు ఒకటి సున్నా ఏడు,” అన్నాడు లెవి, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని.

ప్రిస్సిల్లా పిల్ల చేతిలోని క్రేయాన్ లాక్కుని డైపర్ల డబ్బా మీద 4107 అని రాసింది. పిల్ల ఏడుపందుకుంది. పళ్లొస్తున్నాయి, ఏదిచ్చినా నములుతుంది. టేబుల్ మీది లెవి ఆఫీసు కార్డు చేతికిచ్చింది. తలుపు దగ్గర ఆనించడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని కార్డు.

శనివారం కూడా పనే. ఇంట్లోంచే కాబట్టి ఎడిసన్ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కే బాధ ఒక్కటే తప్పింది.

“ఏమైందటండీ?” అతను ఫోన్ పెట్టేశాక అడిగింది.

“మా ఉద్యోగుల నంబర్లు నాలుగంకెలే. 9999 దాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాయి. ఇప్పుడు మానేసినవాళ్ల నంబర్లే కొత్తవాళ్లకిస్తోంది డేటాబేస్. సోమవారం చేరేవాడికి ఈ నంబరొచ్చింది. తీరా చూస్తే పాతాయన ఇంకా పనిలోనే ఉన్నాడు. ఒకే నంబరు మీద ఇద్దరంటే ఒప్పుకోదది.”

“పనిలో ఉంటే ఖాళీ అని ఎందుకనుకుంది?”

“హెచ్.ఆర్. వాళ్లు ఉద్యోగంలోంచి తీసేసినట్టు సిస్టంలో ముందే పెట్టేశారు. ఆయనకింకా చెప్పలేదేమో.”

“ఎవరండీ?”

“పేర్లు మాకు కనపడనివ్వరు. నంబర్లే. ఎవరి నంబరు వాళ్లకే గుర్తుండదు.”

“దైవాశీర్వాదం అంకులేమో. మీ ఆఫీసే కదా. మొన్న చర్చిలో ‘నా ఉద్యోగం కోసం ప్రార్థన చేయమ్మా’ అన్నారు. ఇంకో అంకె కలిపేయకూడదా, పాపం?”

“కలపమని పోయినేడాదే మొత్తుకున్నా. ఇప్పుడు కలిపినా ఉద్యోగం తిరిగిరాదు ప్రిస్సీ. అది పోయింది, నంబరే మిగిలింది.” కళ్లు నులుముకున్నాడు. “నేను చేయనంటే మన గ్రీన్‌కార్డు కాగితాలు ఎవరు కదుపుతారు?”

లెవి ల్యాప్‌టాప్ తెరిచి పాత నంబరు మూసేశాడు. మేనేజర్ థాంక్స్ అన్నాడట. ఆ మాట చెబుతూనే సోఫాలో ఒరిగిపోయాడు.

ఆమె వంటింట్లోకెళ్లి ఫ్రీజర్‌లోంచి చికెన్ బయటపెట్టింది. రేపు చర్చి అయ్యాక అంకుల్ వాళ్లింటికి పులావు పట్టుకెళ్లాలి. అంకుల్ భార్య ప్రేమజ్యోతి ఆంటీకి ఏం చెప్పాలో మనసులోనే కూడగట్టుకుంది. ధైర్యంగా ఉండండి, దేవుడు ఇంకో దారి చూపిస్తాడు.

తిరిగొచ్చేసరికి పిల్ల డైపర్ల డబ్బాకి ఆనుకుని ఇంకా కార్డు నములుతోంది. మెల్లగా లాగి, చొంగని నైటీ అంచుతో తుడిచింది. ఒకవైపు లెవి నవ్వుతున్న ఫొటో.

రెండోవైపు తిప్పింది.

అక్కడా 4107 అనే ఉంది.