కొత్త చేతి కోత

"లక్షా ఎనభై. అంతకు మించి పైసా రాదండీ," అన్నాడు ఇన్సూరెన్సు కంపెనీ నుంచంటూ వచ్చిన టై ఆయన.

అత్తగారు సోఫా మూలకి ఒదిగి కూర్చుంది. "ఎంతో కొంత. రాసుకుని వెళ్లండి బాబూ," అంది గోడకేసి చూస్తూ.

కాఫీ కప్పులు పెడుతున్న కోడలు అత్తగారికేసి చూసింది. కూరలవాడు తక్కెడ తీయకముందే ధర సగానికి దించే మనిషి ఈవిడ. కారు తుక్కయిన దగ్గర్నుంచీ వాడు చెప్పిందే ధర. మొన్న వాడే కంగారుపడి, "పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదా?" అని అడిగి, రెండు నిమ్మకాయలు ఊరికే ఇచ్చి వెళ్లాడు.

అత్తగారు కారు నేర్చుకున్నది రిటైరయ్యాక. మనవరాలిని బడి దగ్గర దింపడం, మోకాళ్ల నొప్పుల పక్కింటావిణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, అన్నీ ఆవిడే. వీధి పిల్లలు 'పైలట్ మామ్మ' అని పేరు పెడితే పైకి విసుక్కుని, లోపల మురిసిపోయేది. ఓ రోజు వీధి చివరి మలుపులో కుక్కని తప్పించబోయి కరెంటు స్తంభాన్ని గుద్దింది. కుక్కకీ ఆవిడకీ ఏం కాలేదు. కారే అప్పడమైంది. "ఈ వయసులో నీకెందుకమ్మా ఇవన్నీ?" అన్నాడు కొడుకు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకే ఆవిడ చితికిపోయింది. ఆ మలుపు వైపు నడిచి కూడా వెళ్లడం మానేసింది. ఇన్సూరెన్సు కాగితాల సంగతి కొడుకూ కోడలూ చూసుకుంటున్నారు. వాళ్లు ఆ మాటెత్తితే చాలు, లేచి లోపలికి పోయేది.

"లక్షా ఎనభై మరీ తక్కువ కదండీ," అంది కోడలు ఉండబట్టలేక.

"బండికి రెండూ నలభై వస్తుందమ్మా. అందులో అరవై వేలు కోత."

"కోత దేనికి?"

టై ఆయన మెడ దగ్గర ముడి వదులు చేసుకున్నాడు. "నడిపిందెవరో కూడా చూడాలి కదమ్మా. పెద్దావిడ. లేటుగా నేర్చుకున్నారు. చేతకాని డ్రైవింగుకి మా దగ్గర 'కొత్త చేతి కోత' అని ఒకటుంది."

అత్తగారి తల గోడ మీంచి మెల్లిగా ఇటు తిరిగింది.

"ఏం కోత?"

"కొత్త చేతి..."

"ఏడేళ్ల బట్టి నడుపుతున్నాను నాయనా. కొత్త చెయ్యా నాది? అసలు నీ టై వయసెంత?"

"కోప్పడకండి. స్తంభం మీ మీదికి రాలేదు కదా, మీరే దాని మీదికి వెళ్లారు."

"కుక్క అడ్డొచ్చింది!"

"చెయ్యి తిరిగినవాళ్లు కుక్కనీ తప్పిస్తారు, స్తంభాన్నీ తప్పిస్తారండీ."

కోడలు గాభరాగా మధ్యలోకొచ్చింది. "పోనీండి అత్తయ్యా, ఇచ్చింది పుచ్చుకుందాం. మీకూ ఓపిక తగ్గింది కదా..."

"నువ్వూరుకో! డబ్బు పోతే పోయింది. చేతకాదని రాసుకుపోతాడట!" అత్తగారు సోఫా అంచుకి జరిగింది. "రెండూ నలభై పూర్తిగా రాయి. మొన్నీమధ్యే నాలుగు టైర్లూ కొత్తవి వేయించాను, అవీ కలుపు."

"టైర్లకి విడిగా రావండీ."

"పోనీ, రెండే కలుపు."

టై ఆయన నుదురు తుడుచుకున్నాడు. "మీరు నడపగలరని నా కళ్లతో చూస్తే కోత కొట్టేస్తాను. అంతకన్నా నా వల్ల కాదు. బయట మా బండి ఉంది. కానీ ఎందుకులెండి, మళ్లీ ఏ స్తంభమో..."

"తాళం ఇటివ్వు."

"అత్తయ్యా, వద్దు," అంది కోడలు.

"నా కళ్లజోడేదే?"

టై ఆయన పక్క సీట్లో, కోడలు వెనక. అత్తగారు స్టీరింగు మీద చేతులు వేసింది. గాజులు గలగలలాడాయి.

బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

"చూశారా," అన్నాడు టై ఆయన.

"క్లచ్చి ఇంత బిగువా? సొంత బండి బాగుచేయించుకోలేరు గానీ నాకు కోత పెడతారట!"

రెండోసారి కదిలింది. వీధి దాటింది. మలుపొచ్చింది. స్తంభం మీద కారు రంగు ఇంకా అంటుకునే ఉంది. బండి నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ఆగింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. కోడలు ముందుకి వంగి అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది.

"కాస్త వెనక్కి జరగవే. అద్దం నిండా నువ్వే ఉన్నావు," అంది అత్తగారు.

గేరు మార్చింది. పసిపాపని ఎత్తుకెళ్లినంత పదిలంగా స్తంభం పక్కనుంచి బండిని దాటించింది. ఆ తర్వాత ఆపమన్నా ఆపలేదు. మార్కెట్టు చుట్టూ తిప్పి, అడ్డొచ్చిన స్కూటరువాణ్ని నాలుగు దులిపి, ఇంటి ముందు ఎవరూ అడక్కుండానే రివర్సులో పెట్టింది.

"రెండూ నలభై. కోత లేదు," అన్నాడు టై ఆయన చేతులెత్తేసి.

"మరి టైర్లు?"

"అమ్మా!"

"సర్లే, బతుకుపో." అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుని మెట్లెక్కింది. గుమ్మంలో ఆగి, "ఏమేవ్, మీ ఆయనకి ఫోన్ చెయ్యి. ఈ ఆదివారమే బండి కొనాలి. వాణ్ని షోరూములో నోరెత్తొద్దను, బేరం నేనాడతాను," అంటూ లోపలికి వెళ్లింది.

కోడలు కళ్లొత్తుకుంటూ టై ఆయన్ని గేటు దాకా సాగనంపింది.

"వారం తిరక్కుండా డబ్బేదని ఈవిడ నా పీకమీద కూర్చుంటారమ్మా," అన్నాడాయన టై విప్పి జేబులో కుక్కుకుంటూ.

"అది పోయిన నెలే బ్యాంకులో పడింది గానీ, మీ డ్రైవింగ్ స్కూలు ఫీజెంతో చెప్పండి," అంది కోడలు.